రవ్వ టోస్ట్ తిరగేస్తే పైన రాసిందంతా పెనానికే అంటుకుపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బెజవాడ నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. బడి నుంచి నాలుగున్నరకి ఇంటికొస్తుంది, ఐదుంబావుకల్లా మళ్లీ ట్యూషన్‌కి బయల్దేరాలి. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది కాబట్టి సాయంత్రం టిఫిన్ నా పని. మొన్నటిదాకా బిస్కెట్లో చిప్సో పెట్టి పంపేవాణ్ణి. ట్యూషన్లో కూర్చున్నాక ఆకలేస్తోందని చెప్పింది. తర్వాత స్నేహితురాలి ఇంట్లో రవ్వ టోస్ట్ తిని వచ్చి, "నాన్నా, మనింట్లో కూడా చేస్తావా?" అంది. ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగే పిల్ల కాదు తను. అందుకే ఇది బాగా చేసి పెట్టాలని పట్టుదలగా ఉంది.

ఇప్పటికి మూడుసార్లు చేశాను. అర కప్పు బొంబాయి రవ్వ, అర కప్పు పెరుగు, ఒక పెద్ద ఉల్లిపాయ, ఒక టమాటా, రెండు పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు. నాలుగింటికే అన్నీ కలిపి మూతపెట్టి ఉంచుతాను. అమ్మాయి చెప్పులు విప్పే చప్పుడు వినగానే స్టవ్ వెలిగించి, బ్రెడ్ మీద రాసి పెనం మీద వేస్తాను.

మొదటిసారి పైన మాడింది, లోపల రవ్వ పచ్చిగానే ఉంది. రెండోసారి మంట తగ్గించాను, తిరగేద్దామని అట్లకాడ పెడితే బ్రెడ్ ఒక్కటే పైకొచ్చింది, రాసిందంతా పెనం మీదే ఉండిపోయింది. మూడోసారి ఊడకుండా వచ్చింది కానీ చేత్తో పట్టుకుంటే ముక్క మధ్యకి వంగిపోయింది, తడి గుడ్డలాగా. తను ఏమీ అనకుండా తినేసింది. "బాలేదు" అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

పెనం దోశలు వేసుకునే ఇనుప పెనం. బ్రెడ్ మా వీధి బేకరీలో సాయంత్రం వేడివేడిగా దొరికే మిల్క్ బ్రెడ్. మంగళవారం, శనివారం గుడ్డు తినం, కాబట్టి బ్రెడ్ ఆమ్లెట్ వేసుకోమనకండి. పెనం దగ్గర నాకున్న టైము పావుగంట.

గోదారి పిన్ని

బాబూ, మీ రవ్వ, పెరుగు కొలత సరిగ్గానే ఉంది. ఇబ్బంది అంతా నీళ్లతో వచ్చింది. నేను కాకినాడలో ఒక కాలేజీ క్యాంటీన్లో పదకొండేళ్లు టిఫిన్లు చేశాను. సాయంత్రం పూట రవ్వ టోస్ట్‌కి పిల్లలు లైను కట్టేవాళ్లు. మొదటి నెల నాకూ అచ్చం మీకు అయినట్టే అయింది.

ఉల్లిపాయకీ టమాటాకీ ఉప్పు తగిలిందంటే నీరు వదలడం మొదలుపెడతాయి. ఒకసారి పరీక్షగా చూడండి. ఉల్లిపాయ తరిగి, పావు చెంచా ఉప్పు కలిపి, పావుగంట వదిలేసి గిన్నె పక్కకి వంచండి. అంచున నీరు చేరుతుంది, ముక్కలు మెత్తబడి మెరుస్తూ ఉంటాయి. మీరు నాలుగింటికే ఉప్పు వేసి కలిపేస్తున్నారు. నాలుగున్నరకి ఆ నీళ్లన్నీ పిండిలోకి దిగాయి. దాన్ని అప్పుడే పొయ్యిలోంచి వచ్చిన మెత్తటి బ్రెడ్ మీద రాస్తే అది పీల్చుకోక ఏం చేస్తుంది?

కాబట్టి నాలుగింటికి రవ్వా పెరుగూ మాత్రమే కలపండి. పెరుగు గట్టిది కావాలి, గిన్నెలో పైన తేరిన నీరు వంచేయండి. పావుగంట తర్వాత రవ్వ ఉబ్బి పిండి బిగుసుకుంటుంది. మరీ గట్టిపడితే ఒక చెంచా పాలు పొయ్యండి, నీళ్లు వద్దు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి వేరే పళ్లెంలో ఉంచుకోండి. టమాటా తప్పనిసరి అయితే గింజలూ జిగురూ తీసేసి కండ మాత్రం సన్నగా తరగండి. నేనైతే టమాటా మానేసి క్యారెట్ తురుము వేస్తాను, పిల్లలకి రంగు నచ్చుతుంది. అమ్మాయి చెప్పులు విప్పే చప్పుడు వినిపించినప్పుడు అన్నీ కలపండి. అన్నిటికంటే చివర్న ఉప్పు. ఉప్పు వేశాక ఆగకూడదు, వెంటనే రాసేయాలి.

గరిటెతో తీసి వంచితే పిండి జారకూడదు, ముద్దగా పడాలి. గారెల పిండికీ దోశ పిండికీ మధ్యలో ఉంటుంది, గారెల పిండికే కొంచెం దగ్గర.

బ్రెడ్ నిన్నటిది మేలు. ఇవాళ్టిదే ఉంటే పొద్దున తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో బ్రెడ్ తొందరగా బిరుసెక్కుతుంది. ఊరికే తినడానికి అది బాగుండదు గానీ మనకి కావలసింది అదే. మిల్క్ బ్రెడ్ తియ్యగా ఉంటుంది కదా, ఆ చక్కెర వల్ల తొందరగా రంగు మారి మాడుతుంది. సాదా శాండ్‌విచ్ బ్రెడ్ తీసుకోండి. రాసేముందు ఒక వైపు నూనె లేకుండా అర నిమిషం పెనం మీద వెచ్చబెట్టండి. ఎర్రబడక్కర్లేదు, వేలితో ముడితే పొడిగా తగిలితే చాలు. ఆ వెచ్చబెట్టిన వైపే పిండి రాయాలి. ఇలా చేస్తే తడి లోపలికి అంత తొందరగా దిగదు.

మందం మూడు రూపాయి బిళ్లలు దొంతి పెట్టినంత, అంతకంటే వద్దు. అంచుల దాకా రాసి చెంచా వెనక వైపుతో అదమండి. మొదటిసారి లోపల పచ్చిగా ఉండిపోయిందంటే మందంగా రాసి పెద్ద మంట మీద వేసి ఉంటారు.

ఇక పెనం. బాగా వేడెక్కాక మంట మధ్యస్థంగా పెట్టి చెంచాడు నూనె వేసి, రాసిన వైపు కిందికి వచ్చేలా బోర్లించండి. అట్లకాడతో ఒక్కసారి మెల్లగా అదిమి, ఆ తర్వాత మూడు నిమిషాలు దాన్ని ముట్టుకోవద్దు. మొదట చిటపటమని గట్టిగా వినిపిస్తుంది, అది తడి ఆవిరయ్యే చప్పుడు. అది బాగా తగ్గి సన్నగా సుయ్‌మనేటప్పుడు అంచు కింద అట్లకాడ పెట్టి చూడండి. కాలితే దానంతటదే వదులుతుంది. వదలకపోతే లాగకండి, ఇంకో అర నిమిషం ఆగండి. రెండోసారి మీరు తొందరపడ్డారు, అందుకే పెనానికి ఉండిపోయింది. తిరగేశాక రెండో వైపుకి ఒకటిన్నర నిమిషం చాలు.

తీశాక పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చకండి. కింద ముక్క ఆవిరికి పైది మెత్తబడుతుంది. పిండి జల్లించే జల్లెడ బోర్లించి దాని మీద పెట్టండి.

ఇంకొకటి, ఇడ్లీ రవ్వ వాడకండి. అది బియ్యంతో చేసింది, ఈ కాస్త టైములో ఉడకదు. డబ్బాలు పక్కపక్కన ఉంటే హడావుడిలో పొరపాటు జరుగుతుంది, మా క్యాంటీన్లో జరిగింది.

అత్తిలి అబ్బాయి

పిన్ని గారు చెప్పాక రవ్వ టోస్ట్ గురించి నేను కలిపేదేమీ లేదు. పెరుగు లేని రోజుకి మా ఇంటి పద్ధతి చెబుతాను.

పొద్దున వేసిన పెసరట్టు పిండి ఒక గరిటెడు మిగిలిందనుకోండి, అందులో రెండు చెంచాల బొంబాయి రవ్వ కలిపి పది నిమిషాలు ఉంచితే గట్టిపడుతుంది. అల్లం, జీలకర్ర, పచ్చిమిర్చి పిండిలో ముందే ఉంటాయి. బ్రెడ్ మీద పలుచగా రాసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లి అదిమి, అలాగే బోర్లించి కాలుస్తాం. అల్లం పచ్చడితో తింటే పెసరట్టు తిన్నట్టే ఉంటుంది. మిగిలిన దోశ పిండితో కూడా వస్తుంది, కాకపోతే అది బాగా పలుచన, రవ్వ మూడు చెంచాలు పడుతుంది. మరీ పులిసిన పిండి పిల్లలకి నచ్చదు.

శనగపిండితోనూ చేస్తారు. నాలుగు చెంచాల పిండిలో వాము, కారం, ఉప్పు, కొంచెం నూనె, గట్టిగా కలపడానికి సరిపడా నీళ్లు. నానబెట్టే పని లేదు. కానీ పలుచగా రాయకపోతే పచ్చివాసన పోదు.

మెంతికూర

బ్రౌన్ బ్రెడ్ అయితే ఆరోగ్యం కదా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ప్యాకెట్ వెనక దినుసుల వరస చూడండి. ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన. మొదటి పేరు మైదా అయితే అది రంగు మారిన మైదా బ్రెడ్డే. మొదట గోధుమపిండి ఉన్నది తెచ్చుకోండి. అది కాస్త బిరుసుగా కూడా ఉంటుంది, ఈ టోస్ట్‌కి బాగా పనికొస్తుంది.

పెరుగు పుల్లగా ఉంటే పారెయ్యకండి నాన్నగారూ. చిటికెడు పంచదార వేస్తే సర్దుకుంటుంది. ఆ పులుపు ఉంటేనే నాకు ఇష్టం.

పావుగంట కూడా లేని రోజు బ్రెడ్‌కి నెయ్యి రాసి, ఇడ్లీ కారప్పొడి చల్లి, రెండు వైపులా కాల్చి పెట్టండి. మూడు నిమిషాల పని. పొడి కాల్చేముందు చల్లితే మాడి చేదెక్కుతుంది, ఒక వైపు కాలి తిరగేశాకే చల్లండి.

బెజవాడ నాన్న

పిన్ని గారూ, ఇవాళ చేశాను. గిన్నె వంచి చూడమన్నారని నిన్న రాత్రే ఉల్లిపాయకి ఉప్పు కలిపి చూశాను. ఒక చెంచాకి పైగా నీళ్లొచ్చాయి. మూడు రోజులు ఆ నీళ్లన్నీ పిల్లకి బ్రెడ్‌లో పెట్టాను కదా అనిపించింది.

ఇవాళ రవ్వా పెరుగూ నాలుగింటికి కలిపాను. సాదా బ్రెడ్, నిన్నటిది. టమాటా మానేసి క్యారెట్ వేశాను. బోర్లించాక చప్పుడు తగ్గేదాకా స్టవ్ దగ్గరే నిలబడి విన్నాను, నా గడియారంలో మూడు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. అట్లకాడ పెడితే మొత్తం ఒక్క ముక్కగా లేచింది, పైన ఎర్రగా, అంచులు ఇంకొంచెం ముదురుగా. మా అమ్మాయి కొరకగానే కరకరమన్న చప్పుడు వంటగదిలో ఉన్న నాకు వినబడింది. మూడు ముక్కలు తింది. "రేపు ట్యూషన్‌కి డబ్బాలో పెట్టిస్తావా, సౌమ్యకి కూడా" అని అడిగింది.

డబ్బాలో పెడితే ఎంతసేపు ఆగుతుందంటారు?

గోదారి పిన్ని

చాలా సంతోషం బాబూ. వేడి మీద మూత పెట్టారంటే ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది. జల్లెడ మీద పూర్తిగా చల్లారనివ్వండి, ఫ్యాన్ కింద పది నిమిషాలు చాలు. డబ్బా అడుగున పేపర్ నాప్కిన్ వేసి ముక్కలు నిలువుగా పెట్టండి, పడుకోబెట్టొద్దు. మూత కొంచెం వదులుగా ఉంచండి. అలా పెడితే గంటసేపు బాగుంటుంది. అంతకు మించితే తినొచ్చు గానీ ఆ కరకర ఉండదు.

డబ్బాలోకి చేసేటప్పుడు ఉల్లిపాయ సగమే వేయండి, రెండో వైపు ఇంకో నిమిషం కాలనివ్వండి. ఇద్దరు పిల్లలకి నాలుగు ముక్కలు పెట్టండి.