సముద్రం వైపు టేకు తలుపుకు అద్దం బిగించడానికి ఏ సీలెంట్ వాడాలి?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉంది. సముద్రం వైపున్న టేకు తలుపులో రెండేళ్ల క్రితం లప్పం పెట్టి అద్దం బిగించారు. ఇప్పుడా లప్పం నెర్రెలు విచ్చి, గాలివాన వచ్చినప్పుడల్లా నీరు లోపలికి కారుతోంది. కింది బీడింగు (అద్దాన్ని పట్టి ఉంచే సన్నని చెక్కపట్టీ) దగ్గర చెక్క నల్లబడింది. కొత్తగా 6 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం తెప్పిస్తున్నాము. దుకాణంలో ఇచ్చిన సిలికాన్ గొట్టం మూత తీయగానే వెనిగర్ వాసన ఘాటుగా వస్తోంది. వడ్రంగి మేస్త్రి గారు మళ్లీ లప్పమే మేలంటున్నారు. ఏది వాడమంటారు? పాలిష్ ముందు వేయించాలా, తరువాతా?

జవాబు:
అయ్యా, ఆ గొట్టాన్ని ఈ పనికి వాడకండి. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదిలే రకం అది. అద్దానికి బాగానే అంటుకుంటుంది గాని, చెక్కను అంత గట్టిగా పట్టుకోదు. పైగా ఉప్పుగాలికి ముందే తుప్పు పట్టే ఇనుప మేకులను ఆ ఆమ్లం మరింత తొందరగా తినేస్తుంది. మీరు అడగవలసింది న్యూట్రల్ క్యూర్ సిలికాన్, అంటే ఆరేటప్పుడు ఆ ఆమ్లాన్ని వదలని రకం. ధర కొంత ఎక్కువే అయినా, ఎండకు చెడదు, చెక్క వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతున్నా దానితోపాటు సాగుతుంది. సుద్దపొడి, అవిసె నూనె కలిపి చేసే లప్పానికి ఆ సాగే గుణం లేదు. రంగు వేసి కాపాడుకుంటూ వస్తే అది చాలాకాలం నిలుస్తుందన్న మేస్త్రి గారి అనుభవాన్ని నేను కాదనను, కానీ సముద్రానికి ఎదురుగా, రోజుకు పదిసార్లు తెరిచి మూసే తలుపుకు అది తగదు.

సీలెంట్ ఎంత మంచిదైనా, పెట్టే చోటు తప్పితే ఫలితం ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజున మా ఇంటి తలుపులో బీడింగు పైన గీసిన సిలికాన్ చెక్కుచెదరలేదు, అయినా గాలి నెట్టిన నీరు బీడింగుకూ చెక్కకూ మధ్యనుంచి దూరి గది తడిసిపోయింది. అందువల్ల అద్దం కూర్చునే గాడిలోనే ముందుగా సీలెంట్ పరచి, దానిమీద అద్దాన్ని ఆనించాలి. కింది అంచు చెక్కకు నేరుగా తగలకుండా రెండు రబ్బరు దిమ్మలు పెట్టి, చుట్టూ సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆ తరువాతే బీడింగును వెనుకనుంచీ సీలెంట్‌తో అతికించి, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో బిగించాలి. వాన నీరు నిలవకుండా కింది బీడింగు పైభాగం బయటకు వాలుగా ఉండాలి.

పాలిష్ ముందే వేయించండి, గాడి లోపల కూడా. సిలికాన్ మీద పాలిష్ గాని రంగు గాని నిలవదు. నల్లబడిన చెక్కను గీకి, లోపల మెత్తబడి ఉంటే ఆ ముక్క మార్పించి, పూర్తిగా ఎండనివ్వండి. టేకులో సహజంగా ఉండే నూనె పాలిష్ పట్టు తగ్గిస్తుంది కనుక, ముందుగా గాడిని థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తుడిపించండి.

మరొక సభ్యుని ప్రశ్న:
నేను లామినేటెడ్ అద్దం వేయిద్దామనుకుంటున్నాను. పద్ధతి ఇదేనా? పైన రంగు వేయాలంటే ఏమి చేయాలి?

జవాబు:
పద్ధతి ఇదే, జాగ్రత్త మాత్రం మరింత కావాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్, నూనె లప్పం రెండూ ఆ అద్దంలో రెండు పలకలను అతికి ఉంచే మధ్య ప్లాస్టిక్ పొరను అంచులనుంచి చెడగొట్టి, పొరలు విడిపోయేలా చేస్తాయి. రంగు తప్పనిసరి అయితే సిలికాన్ బదులు ఎం.ఎస్. పాలిమర్ అనే రకం సీలెంట్ తీసుకోండి. దానిపై రంగు నిలుస్తుంది. అయితే అద్దానికి, ఎండకు పనికివస్తుందని గొట్టం మీద రాసి ఉందో లేదో చూసుకోండి.

మొదట అడిగినవారు:
కృతజ్ఞతలు. బిగించాక తలుపు ఎప్పటినుంచి వాడవచ్చు?

జవాబు:
న్యూట్రల్ సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. పైపొర త్వరగానే కట్టినా, లోపలికి రోజుకు 2 నుంచి 3 మిల్లీమీటర్లే ఆరుతుంది. మూడు రోజులు ఆ తలుపును తాళం వేసి ఉంచి, పక్క ద్వారం వాడుకోండి. కొనేటప్పుడు గొట్టం మీది గడువు తేదీ చూడడం మరువవద్దు, గడువు దాటినది ఎన్నాళ్లకూ జిగటగానే ఉండిపోవచ్చు.