లోపాయకారీయా, లోపాయికారీయా?

అరసున్న: మ్యాచ్ ఫిక్సింగ్‌కి తెలుగు మాట వెతుకుతుంటే ఒక పాత పలుకు సగమే గుర్తొచ్చి పీడిస్తోంది. “పైకి కుస్తీ, లోన...” ఆ తర్వాత లాలూచీయా, లోపాయకారీయా? రెండోదే అయితే ‘య’నా, ‘యి’నా?

గసడదవ: ‘య’. లో, ఉపాయం, కారి. ‘యి’ పత్రికల పుణ్యం.

శకటరేఫ: లో పక్కన ఉపాయం చేరితే లోనుపాయం కావాలి కదా గురువుగారూ, ఆ ఉకారాన్ని ఎవరు మింగారు? అది లో పాయ. పైన ఏరు, అడుగున ఇంకో పాయ.

గసడదవ: ఏటిపాయకి ‘కారి’ అతికిన మాట ఇంకొక్కటి చూపించండి, ఒప్పేసుకుంటా.

వట్రసుడి: అక్షరం సరే, అర్థం చూడండి. లాలూచీకి ఇద్దరు మల్లులుండాలి. జపాన్ కుస్తీ సుమో ఉంది కదా, పైతరగతుల్లో టోర్నీకి 15 పోటీలు, 8 గెలిస్తే ర్యాంకుకి ఢోకా లేదు. చివరిరోజుకి 7 గెలుపులు, 7 ఓటములతో వచ్చినవాడికి, అప్పటికే 8 దాటినవాడు ఓడిపెడతాడు. బాకీ డబ్బుగానో, ఇంకోసారి ఓటమిగానో తీరుతుంది. 2011లో మల్లుల ఫోన్లలో మెసేజీలు దొరికి ఒసాకా మార్చి టోర్నీయే రద్దయింది. మొదట గట్టిగా ఢీకొట్టి, ఆపైన వాటాన్ని బట్టి పోదామని కూడా అందులో రాసుకున్నారు!

శకటరేఫ: మరి 2000 సెంచూరియన్ టెస్టు? వానకి చచ్చిన మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా కెప్టెన్ క్రోన్యే ఇన్నింగ్స్ వదులుకుని ఇంగ్లండ్‌కి 249 లక్ష్యం పెట్టాడు. బుకీకి కావలసింది డ్రా కాకపోవడమే. క్రోన్యేకి ముట్టింది 53,000 రాండ్లు, ఒక తోలు జాకెట్. అవతలి జట్టుకి సంగతే తెలీదు. ఇక్కడ లాలూచీ ఎవరితో?

వట్రసుడి: బుకీతో! మరాఠీ లాలూచ్ అంటేనే ఆశ, ఎర.

గసడదవ: ఇప్పుడే కదండీ ఇద్దరు మల్లులుండాలన్నారు?

అనుస్వారం: సెషన్ పందేనికి గెలుపోటములతో పనే లేదు. 6 ఓవర్లలో 45 పరుగులు దాటుతాయా లేదా అన్నదే పందెమైతే, ఓపెనర్ నాలుగు బంతులు ఊరికే ఆపితే చాలు. తర్వాత సెంచరీ కొట్టినా బుకీకి నష్టం లేదు, అందుకే పట్టుకోవడం కష్టం. ఇక 2010 లార్డ్స్‌ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు కావాలని వేసిన ఆ మూడు నోబాల్స్ మీద ఎవరూ పందెం కాయలేదు. ఆటగాళ్లు చెప్పినట్టు వింటారని, కొనేవాడి వేషంలో వచ్చిన విలేకరికి మధ్యవర్తి చూపించిన శాంపిల్ అది. విలేకరి ఇచ్చింది 1,50,000 పౌండ్లు. ఆ శాంపిల్‌కి తెలుగేమిటి?

శకటరేఫ: మచ్చు. మచ్చుమందులోనూ ఆ మచ్చే.

గసడదవ: అది వేరే మచ్చండీ!

వట్రసుడి: మనకి పల్నాటి కోడిపోరు ఉండగా సుమో దాకా ఎందుకు వెళ్లానో! నాగమ్మ మోసం, ఓడినవాళ్లకి ఏడేళ్ల వలస. శ్రీనాథుడి ద్విపద నడకలో ఆ పందెం చదవాలి. ఓరుగల్లు కోడిపందెం వర్ణించిందీ ఆయనే.

అనుస్వారం: క్రీడాభిరామమా? వల్లభరాయుడిది.

వట్రసుడి: పేరు వల్లభరాయుడిది, పద్యం శ్రీనాథుడిది.

అరసున్న: ‘య’నా, ‘యి’నా?

అనుస్వారం: ఆగండి, ముందు ఈ వల్లభరాయుడి సంగతి తేలనివ్వండి.