చిదంబరం షిప్పు, బంగారం మోసిన పాశ్చర్ షిప్పు రెండూ ఒకటేనా?

సిక్కోలు_చిన్నోడు:
అందరికీ నమస్తే. మా తాత మలేసియాలో పెరాక్ వైపు తోటల్లో పనిచేసి 1978లో పెనాంగ్‌లో చిదంబరం అనే షిప్పెక్కి మద్రాసులో దిగి అక్కణ్ణుంచి రైల్లో ఆముదాలవలస వచ్చాడంట. ఆయన తెచ్చిన రేకు ట్రంకుపెట్టె ఇంకా మా అటక మీదే ఉంది, మూత మీద తెల్ల పెయింటుతో ఇంగ్లీషులో మద్రాస్ అని రాసుంటుంది, చివరి ఎస్ తిరగబడిపోయింది. అమ్మమ్మేమో అది ఫ్రెంచోళ్ళ ఓడరా, యుద్ధంలో టన్నులకొద్దీ బంగారం మోసింది అంటది. నెట్‌లో పాశ్చర్ అనే పేరొస్తోంది గానీ ఒకచోట 1938, ఒకచోట 1966. ఏది నిజం?

హార్బర్_బాబాయ్:
రెండూ నిజమే బాబూ, ఎందుకంటే పాశ్చర్లు రెండున్నాయి. మీ తాతగారు ఎక్కింది రెండోది. డంకర్క్‌లో కట్టారు, 1966లో బయటికొచ్చింది, మెసజరీ మారిటీమ్ అనే ఫ్రెంచ్ కంపెనీ దక్షిణ అమెరికాకి నడిపింది. విమానాలొచ్చాక జనం తగ్గిపోయి ఏడెనిమిదేళ్ళు కూడా తిప్పలేకపోయారు, మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని చిదంబరం అని పేరుపెట్టింది. బంగారం కథ మొదటిదానిది.

బ్రెమెన్_రావు:
మొదటిదాని సంగతి నేను చెప్తా, ఉండేది జర్మనీలోనే, ఇక్కడి ముసలాళ్ళకి ఆ షిప్పంటే ప్రాణం. సెయింట్ నజైర్‌లో 1938లో నీళ్ళలోకి దింపారు, దాదాపు 30 వేల టన్నులు, ఒకే ఒక్క పొగగొట్టం, అదీ షిప్పుకి మించిన సైజు, ఫొటో చూస్తే నవ్వొస్తది. 1939 సెప్టెంబర్లో బ్యూనస్ ఐరిస్‌కి మొదటి ట్రిప్ అనుకుంటే సరిగ్గా అప్పుడే యుద్ధమొచ్చి పడింది. 1940 జూన్‌లో బ్రెస్ట్ నుంచి కెనడాలో హాలిఫాక్స్‌కి ఫ్రాన్స్ బంగారం 200 టన్నులకి పైగా మోసింది, ఫ్రాన్స్ పడిపోయాక బ్రిటిష్ వాళ్ళు లాక్కుని సైనికుల్ని ఎక్కించుకు తిరిగారు, కునార్డ్ అనే బ్రిటిష్ షిప్పుల కంపెనీ వాళ్ళు నడిపారు. యుద్ధమయ్యాక మళ్ళీ ఫ్రెంచ్ వాళ్ళకే ఇస్తే ఇండోచైనాకి సైన్యాన్ని మోయడమే పని. అంటే కట్టిందేమో మామూలు ప్రయాణికుల కోసం, ఇన్నేళ్ళూ తిరిగిందేమో సోల్జర్లతో. 1957లో అమ్మారు, ఎవరికి? జర్మన్లకి! ఫ్రాన్స్‌లో గోల గోల అయింది. నార్త్ జర్మన్ లాయిడ్ వాళ్ళు లోపలంతా పీకేసి కొత్త బాయిలర్లు, కొత్త గదులు పెట్టి, పొగగొట్టం కూడా మార్చి బ్రెమెన్ అని పేరుపెట్టి 1959 జూలైలో న్యూయార్క్ లైన్‌లో దింపారు.

జగిత్యాల_పిలగాడు:
అన్నా ఆగు. గది తర్వాత జెడ్డాకు పోయిందా? మా బాపు 79ల జెడ్డాల పనిచేసిండు, పోర్టుల ఒక పెద్ద ఓడ ఎన్నడు కదలకుంట నిలవడి ఉండేదట, అండ్ల అంత ఫిలిప్పీన్ పనోళ్ళే, రెయిలింగుకు బట్టలు ఆరేసేటోళ్ళట. మాకేమో రేకుల షెడ్డు క్యాంపు, వాళ్ళకు ఏకంగ ఓడనే అని మస్తు చెప్తుండె.

బ్రెమెన్_రావు:
అదే తమ్ముడూ అదే! బాయిలర్లు మొరాయించి ఖర్చు తడిసి మోపెడయ్యాక జర్మన్లు గ్రీకు కంపెనీ చాండ్రిస్‌కి అమ్మేశారు, 1972లో రెజీనా మాగ్నా అయ్యి క్రూయిజులు తిరిగింది, ఆయిల్ రేట్లు పెరిగేసరికి 1974లో మూలన పడేశారు. 1977లో సౌదీ ఫిల్ 1 అని పేరుమార్చి జెడ్డాలో పనివాళ్ళకి హాస్టల్ చేశారు. 1980లో తుక్కు కోసం తైవాన్‌కి లాక్కుపోతుంటే హిందూ మహాసముద్రంలో మునిగిపోయింది. తుక్కువాడికి కూడా దక్కలా.

వాల్టాక్స్_రోడ్డు:
మద్రాసు లైన్ అంటే అసలు రజులా గురించి చెప్పాలి. 1926లో కట్టిన స్టీమరు, 1973 దాకా ఒకే కంపెనీ, బ్రిటిష్ ఇండియా అనే షిప్పుల కంపెనీ వాళ్ళు. చివర్లో మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని రంగత్ అని పేరుపెట్టింది, మరుసటేడే తుక్కు. ముసలావిడకి కొత్త చీర కట్టి స్మశానానికి పంపినట్టు.

పద్మజ_సింగపూర్:
చిదంబరంలో నేనొచ్చా! 1981, ఎనిమిదేళ్ళ పిల్లని. మాది బంక్ క్లాసు, కింద హాల్లో వరసగా పైనా కిందా మంచాలు, అమ్మ పైది నాకిచ్చింది, రెండోరోజు షిప్పు ఊగుళ్ళకి ఎవరిదో గోంగూర పచ్చడి సీసా దొర్లి పగిలిపోతే మద్రాసు దాకా హాలంతా అదే వాసన, సగం మంది వాంతులు, సగం మందికి ఆకలి 😄. నాగపట్నంలో షిప్పు ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేస్తే పడవలొచ్చేవి, దిగేవాళ్ళు బుట్టా తట్టా పట్టుకుని ఊగే పడవలోకి అడుగెయ్యాలి, ఒకామె చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని కిందకి చూసి దిగనంటే దిగనని కూర్చుంది. 1985 ఫిబ్రవరిలో మద్రాసొస్తూ దారిలో అంటుకుందని విన్నప్పుడు నాకా హాలే కళ్ళముందు కదిలింది.

హార్బర్_బాబాయ్:
అవునమ్మా, చాలామంది పోయారు. షిప్పు మద్రాసు చేరింది గానీ మళ్ళీ మనుషుల్నెక్కించుకోలేదు, తుక్కుకే పంపేశారు.

సిక్కోలు_చిన్నోడు:
థాంక్యూ అందరికీ. అమ్మమ్మకి మొత్తం చదివి వినిపించా, తాత ఓడ బంగారం మోయలేదు, అది వేరే ఓడ అని. ఒక్క నిమిషం ఊరుకుని మెళ్ళో గొలుసు తీసి నా మొహం ముందు పెట్టి, "మరిది దేంట్లో వచ్చిందిరా?" అంది.