అప్‌డేట్: డెలాక్రువా గీసిన సెరెస్ సంగతి తేలింది

రోమన్ల పంటల దేవత సెరెస్‌ను రొమాంటిక్ శైలి (భావావేశానికి పెద్దపీట వేసే 19వ శతాబ్దపు కళాధోరణి) ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రువా గీశాడని చదివి, ఆ బొమ్మ ఏ మ్యూజియంలో ఉందని ఇక్కడ అడిగాను. సమాధానం ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

"మ్యూజియంలు వదిలేసి పారిస్ సిటీ హాల్ చరిత్ర చూడండి" అన్న సలహాతోనే పని జరిగింది. అక్కడి 'శాంతి మందిరం' అనే హాలు పైకప్పుకు డెలాక్రువా 1850ల మొదట్లో బొమ్మలు వేశాడు. మధ్యలో ఏడుస్తూ ఆకాశంలోకి చూసే భూమాత, చుట్టూ విడి పలకల్లో దేవతలు. అందులో ఒకరు మన సెరెస్. 1871 మేలో, పారిస్ కమ్యూన్ (నగరాన్ని కొన్ని వారాలు ఏలిన తిరుగుబాటు ప్రభుత్వం) చివరి రోజుల్లో, భవనంతో పాటు అన్నీ కాలిపోయాయి. చదివాక చాలాసేపు మనసు బాగోలేదు. భవనాన్ని మళ్లీ కట్టారు కానీ డెలాక్రువా 1863లోనే పోయాడు, కాబట్టి ఆ బొమ్మలు మళ్లీ వేయడానికి ఆయన లేడు.

చాలామంది పంపిన వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ సెరెస్ ఇది కాదు. అది వాతో (Watteau) అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1717 ప్రాంతంలో గీసింది, డెలాక్రువా కంటే ముందటి, సుకుమారమైన అలంకార శైలి అయిన రొకోకో కాలానిది. కోడిగుడ్డు ఆకారపు కాన్వాస్, చేతిలో కొడవలి, పక్కన సింహరాశికి గుర్తుగా సింహం. అందమైన బొమ్మే, చూడండి.

డెలాక్రువా సెరెస్ రంగుల ఫోటో కోసం మాత్రం ఎవరూ వెతకొద్దు. రంగుల ఫోటోలు వాడుకలోకి రాకముందే అది పోయింది.