ఇంగ్లండ్‌లో ఇయర్ 10 మధ్యలో చేరే పాపకి ప్రభుత్వ బడా, ప్రైవేటా?

మాది అమలాపురం. మావారి ఉద్యోగం మీద జనవరిలో ఇంగ్లండ్ వెళ్తున్నాం. పాపకి ఆగస్టు నాటికే పద్నాలుగు నిండాయి, ఇక్కడ తొమ్మిదో తరగతి. అక్కడ ఇయర్ 10, అంటే జీసీఎస్‌ఈ (అక్కడ పదహారేళ్లకి రాసే బోర్డు పరీక్షలు) పాఠాలు మొదలైపోయాక దిగుతుంది.

ప్రభుత్వ బడి కోసం అక్కడి స్థానిక సంస్థ కౌన్సిల్‌కి మెయిల్ పెడితే అడ్రసు రుజువు కావాలన్నారు. ఇల్లింకా ఖాయం కాలేదు. ఓ ప్రైవేటు స్కూలు ఆన్‌లైన్ టెస్ట్ పెట్టి సీటిస్తానంది. ఫీజు మీద 20 శాతం వ్యాట్ కూడానట, కొబ్బరితోట కౌలు కలిపినా రెండేళ్లు లాగడం కష్టం. పోనీ ముందు ప్రైవేటులో చేర్చి తర్వాత మారుద్దామంటే, ఒక బడిలో ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు, ఇంకో బడిలో ఎడెక్సెల్. ఇంగ్లీషులో చదవాల్సిన నాటకం, నవలా కూడా మారిపోవచ్చు. నా భయమంతా దాని గురించే.

ఇలా మధ్యలో పిల్లల్ని చేర్చినవాళ్లు చెప్పండి: ప్రభుత్వ బడిలో సీటొచ్చేదాకా కొన్ని వారాలు ఇంట్లోనే చదివించమంటారా, ప్రైవేటులో చేర్చేయమంటారా?