ఎదురుకాళ్ల పిల్లాడితో నడుం తొక్కించుకోవచ్చా?

పెరవలి_కుర్రాడు:
సంక్రాంతికి ఊరెళ్లాం. కనుమ నాడు పొద్దున్నే అమ్మ పొయ్యి దగ్గర వంగి, లేవబోయి, అలాగే ఆగిపోయింది. నడుం పట్టేసింది. అమ్మకి 64 ఏళ్లు. "ఆస్పత్రీ వద్దు గీస్పత్రీ వద్దు, చిన్నాణ్ణి పిలవండి" అంది. మావాడికి 9 ఏళ్లు, 27 కిలోలు. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నాడని డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తీసింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మన వైపు నమ్మకం, మీకు తెలిసిందే. వాడు గోడ పట్టుకుని బామ్మ నడుం మీద అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నడిచాడు. అమ్మ "అమ్మయ్య" అంటూ లేచి కూర్చుంది.

మధ్యాహ్నానికి వీధంతా పాకిపోయింది. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక ట్రాక్టరు డ్రైవరు చాపలు చంకన పెట్టుకుని వచ్చేశారు. ఎదురింటి మామ్మగారు మాత్రం "కోసి తీసిన పిల్లాడికి ఆ గుణం ఎక్కడుంటుందర్రా" అని ఒక డౌటు వేసి వెళ్లిపోయింది.

మా ఆవిడ మాత్రం ఆ రోజు నుంచీ గొడవ. "అత్తయ్యగారికి ఏమన్నా అయితే ఆ పిల్లాడు జన్మంతా దాన్నే తలుచుకుంటాడు" అంటుంది. నేనేమో పోయినేడు కేరళలో కాళ్లతో చేసే మర్దన చేయించుకుని, నెల రోజులు గాల్లో తేలినట్టు తిరిగినవాణ్ణి. కాళ్లతో తొక్కించుకుంటే నిజంగా లాభం ఉందా? ఉంటే అది ఎవరికి?

నూనెకుండ:
ఉద్యోగం కోసం కోజికోడ్‌లో నాలుగేళ్లున్నా. సాయంత్రాలు కలరికి, అంటే కళరిపయట్టు అనే అక్కడి యుద్ధవిద్య నేర్పే చోటికి, వెళ్లేవాణ్ణి. మీరు చేయించుకున్నది చవిట్టి ఉళిచ్చిల్. చవిట్టడం అంటే తొక్కడం, ఉళిచ్చిల్ అంటే మర్దన. పేరులో తొక్కుడు ఉంది గానీ అసలు పని తొక్కడం కాదు, జారడం. నేల మీద చాప, ఒంటినిండా గోరువెచ్చటి నూనె, పైన అడ్డంగా కట్టిన తాడు. గురుక్కల్, అంటే కలరి గురువు, ఆ తాడు పట్టుకుని, ఒక కాలి మీద నిలబడి, రెండో అరికాలిని మన తుంటి దగ్గర పెడతాడు. అక్కణ్ణించి వీపు, భుజం, మోచెయ్యి మీదుగా వేలి కొస దాకా ఒకటే జారుడు. చేత్తో చేసేవాడికి అంత పొడవు ఒక్క ఊపులో రాదు. పైగా చేత్తో చేసేవాళ్ల బొటనవేళ్లు, మణికట్లు కొన్నేళ్లకే మొరాయిస్తాయి. అరికాలు వెడల్పు కాబట్టి అదే బరువు పరుచుకుని దిగుతుంది, బొటనవేలితో నొక్కినట్టు గుచ్చుకోదు.

అక్కడ దీనికి కర్కిడకం నెల పెట్టింది పేరు, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు. బయట జోరువాన, లోపల నూనె వాసన. కథకళి నేర్చుకునే పిల్లలకీ వానాకాలంలో తెల్లవారకముందే ఇది చేస్తారు. 1930లో పెట్టిన, ఇప్పుడు చెరుతురుత్తిలో ఉన్న కేరళ కళామండలంలో ఇది చదువులో భాగమే. మోకాళ్లు పక్కలకి విచ్చుకుని గంటల తరబడి నిలబడే ఆ భంగిమ ఊరికే వస్తుందా? కొత్త పిల్లలు మొదటి రోజుల్లో ఏడ్చేస్తారని చెప్పుకుంటారు.

కాబట్టి లాభం ఉంది అన్నా. కండ వదులవుతుంది, కీలు తిరుగుతుంది, ఆ రాత్రి నిద్ర వేరే లెవెల్.

మూడెకరాల_ఆసామి:
కేరళ దాకా ఎందుకు బాబూ. మా ఆవిడ నాట్లేసి వచ్చి అరుగు మీద బోర్లా పడుకుంటే మా మనవరాలు తొక్కుతుంది. పొద్దున్నుంచీ బురదలో వంగిన నడుం అది. మాత్ర వేసుకుంటే కడుపులో మంట, డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక రోజు కూలీ పోతుంది. పిల్ల కాలు పెడితే పైసా ఖర్చు లేదు. మా అమ్మా తొక్కించుకుంది, ఆవిడ అత్తా తొక్కించుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫిజియో_అక్క:
నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. మొత్తం కొట్టిపారేయను. అలిసిన కండ మీద సమానంగా బరువు పడితే హాయిగా ఉంటుంది, కొంతసేపు నొప్పి తెలీదు, బిగుసుకున్న మనిషి వదులవుతాడు. కానీ "నడుం నయమైంది" అనే మాట దగ్గర నాకు అభ్యంతరం. 2015లో కోక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) వాళ్లు నడుంనొప్పికి మసాజ్ మీద జరిగిన 25 ట్రయల్స్ కలిపి చూశారు. కొద్దికాలం ఉపశమనం కనిపించింది గానీ, ఇది పనిచేసే వైద్యం అని చెప్పడానికి తమకి నమ్మకం చాలా తక్కువ అని రాశారు. ఇంకో సంగతి, ఉన్నట్టుండి పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆ మధ్యలో ఎవరు తొక్కితే వాళ్లకి పేరు.

పెరవలి తమ్ముడూ, అమ్మగారి విషయంలో నా భయం కండ గురించి కాదు, ఎముక గురించి. నెలసరి ఆగాక ఆడవాళ్ల ఎముకలు గబగబా గుల్లబారతాయి. వెన్నుపూస కొంచెం నలిగినా చాలామందికి తెలీదు, "నడుం పట్టేసింది" అనే అనుకుంటారు. ఆవిడ ఈ మధ్య పొట్టయ్యారా? వీపు వంగిందా? ఉబ్బసానికో కీళ్లకో స్టెరాయిడ్లు చాలాకాలం వాడారా? ముందు అవి కనుక్కోండి.

పక్కటెముక_బాధితుడు:
నా కథ వినండి. ఒక ఊళ్లో బోర్డు పెట్టుకున్న మసాజ్ సెంటరుకి వెళ్లా. పేరెందుకులే. వాడు 80 కిలోలుంటాడు. తాడు లేదు, కర్ర లేదు, రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడు. "టక్" అంది. "చెడు గాలి పోయింది సార్" అన్నాడు. పోయింది గాలి కాదు, పక్కటెముక. ఆరు వారాలు తుమ్మాలంటే టెన్షన్.

నూనెకుండ:
అదీ సమస్య. తాడు అలంకారం అనుకుంటారు. కాలిలోకి ఎంత బరువు వదలాలో తేల్చేది తాడే. ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే ఒక పని చెయ్యండి: ద్వారబంధం పట్టుకుని ఒక కాలు నేల మీద, ఒక కాలు మిషన్ మీద పెట్టండి. ఐదు కిలోల దగ్గర ఆపాలని చూడండి. తర్వాత పది. కళ్లు మూసుకుని మళ్లీ ప్రయత్నించండి. ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. మా గురుక్కల్ వెన్నుపూస మీద కాలు పెట్టగా నేను చూడలేదు. పక్కనున్న కండ మీదే. పక్కటెముకలు అయిపోయే చోట, కిడ్నీలుండే చోట పాదం పువ్వులా వెళ్లిపోతుంది.

డల్లాస్_పిచ్చుక:
ఇక్కడ అషియత్సు అని చేస్తారు. జపాన్ మాట, అషి అంటే పాదం, అత్సు అంటే ఒత్తిడి. తాడు బదులు సీలింగుకి కర్రలుంటాయి. చెప్పొచ్చేదేంటంటే, బల్ల ఎక్కకముందే ఒక ఫారం నింపించారు. గర్భం, ఎముకల జబ్బు, కాలిలో రక్తం గడ్డలు, వాడే మందులు, అన్నీ అడిగారు. నాకు చేశారు. మా అత్తగారు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని ఆవిడకి వద్దన్నారు. ఆవిడ మాత్రం "తొక్కడానికి కూడా వీసా ఇంటర్వ్యూనా" అని వారం రోజులు సణిగారు.

పాతపుస్తకం:
దీన్ని మోటుపని అనుకునేవాళ్లకి ఒక మాట. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం 24వ అధ్యాయంలోనే ఇది ఉంది. వ్యాయామం చేసి, పాదాలతో మర్దన చేయించుకున్నవాడి దగ్గరికి రోగాలు రావు, సింహం దగ్గరికి చిన్న జంతువులు రానట్టు అని. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

ఫిజియో_అక్క:
మంచి శ్లోకం తెచ్చారు, కాకపోతే అది నా వైపు సాక్ష్యం. ఎవరి గురించి చెప్తోంది? వ్యాయామం చేసినవాడి గురించి. కలరిలో ఎవరు? కర్ర తిప్పే కుర్రాళ్లు. కళామండలంలో ఎవరు? ఎముక లేతగా ఉండి, రోజంతా సాధన చేసే పిల్లలు. ఈ విద్య మొత్తం గట్టి ఒంటిని ఇంకా సాగదీయడానికి పుట్టింది. మనం దాన్ని పట్టుకెళ్లి, అరవై దాటి, లేవలేక పడుకున్న అమ్మ మీద ప్రయోగిస్తున్నాం. కేరళలో ఆ కాలు పెట్టేవాడు ఏళ్ల తరబడి నేర్చుకున్నవాడు. మన ఇంట్లో కాలు పెట్టేవాడి అర్హత ఎదురుకాళ్లతో పుట్టడం!

అన్నట్టు ఆ నమ్మకం గురించి. నెలలు నిండాక నూటికి ముగ్గురు నలుగురు బిడ్డలు అలా తిరగబడి ఉంటారు, అందులోనూ ఎక్కువమందికి ముందు వచ్చేది పిర్రలే, కాళ్లు కాదు. ఇప్పుడు దాదాపు అందరినీ ఆపరేషన్ చేసే తీస్తున్నారు. మీ ఎదురింటి మామ్మగారి రూలు ప్రకారం చూస్తే ఇంకో తరానికి మన ఊళ్లలో నడుం తొక్కే అర్హత ఉన్నవాడు ఒక్కడూ మిగలడు.

మూడెకరాల_ఆసామి:
నవ్వొచ్చిందమ్మా, ఒప్పుకుంటా. కానీ వ్యాయామం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రోజుకి ఎనిమిది గంటలు వంగి నాటేసే మనిషి కంటే వ్యాయామం చేసినవాళ్లెవరు? సుశ్రుతుడు మా ఆవిణ్ణి చూసే రాశాడేమో.

ఫిజియో_అక్క:
న్యాయమైన ప్రశ్న అండీ. కష్టం చేసిన కండ హాయి కోరుకుంటుంది, నిజమే. మీ ఆవిడగారి వయసెంత? ఎముకల పరీక్ష ఎప్పుడైనా చేయించారా? నొప్పి కాలిలోకి దిగుతోందా, తిమ్మిరి ఉందా? ఇవేవీ లేకపోతే మనవరాలు తొడల మీద, పిక్కల మీద, పిర్రల మీద గోడ పట్టుకుని సగం బరువుతో తొక్కితే నేను అడ్డు చెప్పను. నడుం మధ్యలో మాత్రం వద్దు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం దాన్నీ ముట్టుకోవద్దు. నడుంనొప్పితో పాటు ఒంటికి రావడం తెలియకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా తొక్కుడూ లేదు, నూనే లేదు, అప్పటికప్పుడు ఆస్పత్రే.

పాతపుస్తకం:
అంటే పెద్దవాళ్లకి స్పర్శే లేకుండా చేస్తారన్నమాట. మనవడి కాలి వెచ్చదనం ఏ మెషిన్ ఇస్తుంది?

డల్లాస్_పిచ్చుక:
అరికాళ్లకి నూనె రాయమనండి, దానికీ మనవడే కావాలి కదా.

పెరవలి_కుర్రాడు:
అప్‌డేట్. అందరూ తిట్టుకోకండి, అమ్మని భీమవరం తీసుకెళ్లి ఎముకల సాంద్రత పరీక్ష చేయించా. టి స్కోరు మైనస్ 2.8 వచ్చింది. మైనస్ 2.5 దాటి కిందికి వెళ్తే ఎముకలు గుల్లబారినట్టే అని డాక్టరుగారు చెప్పారు. ఎక్స్‌రేలో వెన్నుపూస నలగలేదు, ఆ మాట వినగానే నా కాళ్లలో వణుకు తగ్గింది. మందులు మొదలుపెట్టారు.

అమ్మ మాత్రం లొంగలేదు. "నలభై ఏళ్లుగా తొక్కించుకుంటున్నా, నాకేమైంది" అంటుంది. నలభై ఏళ్ల కిందట నీకు 24 అమ్మా అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే కాళ్లన్నా తొక్కమను వాణ్ణి" అంది. ఇప్పుడు వాడు బామ్మ మంచం పట్టె మీద కూర్చుని, తన పాదాలతో ఆవిడ అరికాళ్లు, పిక్కలు నొక్కుతున్నాడు. పూటకి పది రూపాయలు రేటు పెట్టాడు. ట్రాక్టరు డ్రైవరుకి మాత్రం ఇంకా చెప్పలేదు, ఆదివారం మళ్లీ చాపతో వస్తాడు.

నేను కర్కిడకంలో మళ్లీ కేరళ వెళ్తున్నా. ఈసారి ఫారం లేకపోయినా నేనే అన్నీ చెప్పి పడుకుంటా.

మూడెకరాల_ఆసామి:
ఫిజియో అమ్మా, మా ఆవిడకి 58. పెళ్లప్పుడు నా భుజం దాకా వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. ఆ పరీక్షకి పరగడుపున వెళ్లాలా?

ఫిజియో_అక్క:
అక్కర్లేదండీ, తిని వెళ్లొచ్చు. కాల్షియం మాత్రలు వాడుతుంటే ముందురోజు నుంచి ఆపండి. పడుకోబెట్టి తీస్తారు, పది పదిహేను నిమిషాల పని. పొట్టయ్యారన్న మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఆ రిపోర్టు వచ్చేదాకా మనవరాల్ని నడుం ఎక్కనివ్వకండి.

మూడెకరాల_ఆసామి:
సోమవారం వెళ్తాం.