చెట్టు మీద కూర్చున్నవి జక్కవలేనా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఎండుకొమ్మ మీద ఎర్రటి బాతులు రెండు పక్కపక్కనే కూర్చున్న ఫోటో చూశాను. కింద ‘జక్కవల జంట’ అని రాశారు. నిఘంటువులో జక్కవ అంటే చక్రవాకం అని ఉంది. ప్రబంధాల్లో ‘జక్కవకవ’ (కవ అంటే జంట) అని వచ్చిన చోట ఈ పక్షినే ఊహించుకోవాలా?

జవాబు: వద్దండీ. కొమ్మ మీద ఉన్నాయంటున్నారు కాబట్టి అవి ఈలబాతులై ఉంటాయి. అవి చెట్ల మీద వాలతాయి, చెట్టు తొర్రల్లో గుడ్లు కూడా పెడతాయి. జక్కవను చూడాలంటే నది ఒడ్డున, ఇసుక మేటల మీద వెతకాలి.

ఎరుపు ఒక్కటే చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ జక్కవ పెద్ద బాతు, 58 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది. ఈలబాతు 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ. జక్కవ ఒళ్ళంతా నారింజ కలిసిన కావిరంగు. తల మాత్రం వెలిసినట్టు లేత మీగడ రంగులో ఉంటుంది. ముక్కు, కాళ్ళు, తోక నలుపు. జతకట్టే కాలంలో మగదాని మెడ చుట్టూ సన్నటి నల్లపట్టీ కూడా కనిపిస్తుంది. ఈలబాతు మట్టిరంగు గోధుమ వన్నె, నడినెత్తి ముదురు, కంటి చుట్టూ సన్నటి పసుపు వలయం.

దూరంలో ఈ రంగులేవీ తేలవు. అప్పుడు అవి లేచేదాకా ఆగండి. జక్కవ రెక్క విప్పిందంటే ముందు భాగం తెల్లగా తళుక్కుమంటుంది, కొసలు నల్లగా ఉంటాయి. ఈలబాతు రెక్కలో తెలుపు చుక్కైనా ఉండదు. తల కాస్త కిందికి వాల్చి, వీపు గూనిగా పెట్టి ఎగురుతుంది. గొంతు వింటే ఇక సందేహమే ఉండదు: ఒకటి ముక్కుతో పలికినట్టుండే ‘ఆంగ్’ అనే గట్టి కేక, రెండోది పేరుకు తగ్గట్టు సన్నటి ఈల.

కవిసమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే కల్పన, కూడా దీనికి సరిపోతుంది. పొద్దుగూకితే జక్కవల జంట విడిపోయి, చెరో ఒడ్డున ఉండి రాత్రంతా ఒకదాన్నొకటి పిలుచుకుంటుందని మన కవులు రాశారు. ఆ ఎడబాటు కల్పనే. కానీ జక్కవలు జంటగా ఉండటం, ఎక్కువగా రాత్రిపూట మేయడం, వాటి కేక దూరానికి వినపడటం నిజం. ఈలబాతులేమో గుంపులుగా ఉంటాయి. ‘కవ’ అన్న మాట జక్కవకే అతికిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఫోటో ఏ నెలలో తీశారో కూడా అడగండి. జక్కవ మనకు చలికాలపు వలసపక్షి. గుడ్లు పెట్టేది లడఖ్, టిబెట్, మధ్య ఆసియా వైపు. ఈలబాతు మన దగ్గర ఏడాది పొడుగునా ఉంటుంది.

మరొకరు: ఈలబాతును ‘చిలువ’ అని కూడా అంటారని విన్నాను. చిలువ అంటే పాము కదండీ?

జవాబు: కావ్యాల్లో పామే. పక్షికి పేరుగా ఆ మాట వేరే ఉంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ తెలుగువాళ్ళు పక్షుల్ని పిలిచే పేర్లు రాసిపెట్టుకున్నాడు. ఈలబాతు ఎర్ర చిలువ, జక్కవ బాపన చిలువ. రెండింటికీ ‘చిలువ’ ఉమ్మడి కాబట్టి కలగాపులగం కావడం సహజమే. ఒట్టి ‘చిలువ’ అంటే ఏ బాతో తేలదు. ముందున్న మాటను ఎప్పుడూ వదలకూడదు.

అదే వ్యక్తి: ఈలబాతుల్లో మళ్ళీ రెండు రకాలంటారు, నిజమేనా?

జవాబు: నిజమేనండీ, కష్టం అక్కడే. రెండోది కాస్త పెద్దది, అరుదు. తోక మొదలు చూడండి. మామూలు ఈలబాతుకు అక్కడ ముదురు ఎరుపు, పెద్దదానికి మీగడ తెలుపు. పెద్దదానికి మెడ వెనక నల్లటి గీత, పక్కల తెల్లటి చారలు కూడా ఉంటాయి. నీటి మీద తేలుతున్నప్పుడు తోక మొదలు సరిగ్గా కనబడకపోతే ఆ చారలనే నమ్ముకోండి.